మార్కండేయుడికి సడలించిన నియమం పుష్కర ఘాట్‌లో ఎందుకు సడలలేదు? (నాస్తికుడి ప్రశ్న, తిట్టకుండా జవాబివ్వండి)

సందేహాల శివ

పేరులో శివుడున్నా నేను నాస్తికుణ్ణి, ముందే చెప్పేస్తున్నా. ఎవరినీ కెలకాలని కాదు, నిజంగానే అడుగుతున్నా. "తానే ఎత్తలేనంత బరువైన బండను దేవుడు సృష్టించగలడా" లాంటి చిక్కు ప్రశ్నలు నాకు అక్కర్లేదు. సర్వశక్తి అంటే తనలో తానే పొసగని పని కూడా చేసి చూపించడం కాదు, నాలుగు మూలల వృత్తం గీయలేకపోవడం ఎవరికీ లోపం కాదు అని పదమూడో శతాబ్దంలోనే థామస్ అక్వినాస్ చెప్పేశాడు, నాకు అది సబబుగానే ఉంది. నా గొడవ వేరు.

2015 జులై 14, గోదావరి పుష్కరాల మొదటి రోజు. రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 25 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. గురుడు సింహరాశిలోకి వచ్చాడు, పన్నెండేళ్ళకోసారి దొరికే స్నానం, అందులోనూ మొదటి రోజు చేస్తే పుణ్యం ఎక్కువ అంటే నమ్మి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు ఉన్నారు వాళ్ళలో. తప్పు ఏర్పాట్లదే, అంతమందిని ఒకే రేవు దగ్గర పోగవనివ్వడం మనుషులు చేసిన పని, దాన్ని దేవుడి మీదకు నెట్టను. నాకు అర్థం కానిది ఆ తర్వాత జనం మాట్లాడిన మాటలు. పుణ్యకాలంలో పోయారు, అదృష్టవంతులు అన్నారు కొందరు. వాళ్ళ కర్మ, అంతవరకే రాసిపెట్టి ఉంది అన్నారు ఇంకొందరు. అదే గుంపులోంచి ఊపిరి బిగబట్టుకుని బయటపడ్డవాళ్ళేమో గోదారమ్మ కాపాడింది అన్నారు. ఈ మూడు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవు, అయినా ఒకే ఇంట్లో, ఒకే పూట, ఒకే మనిషి నోట నేను విన్నాను.

అంతకు రెండేళ్ళ ముందు కేదార్‌నాథ్. 2013 జూన్‌లో వరద వచ్చి వేలమంది పోయారు, మన తెలుగు యాత్రికులు కూడా చాలామంది చిక్కుకుపోయారు. గుడి వెనక ఒక పెద్ద బండ వచ్చి ఆగి నీటిని చీల్చింది కాబట్టి గుడి నిలిచింది, ఆ బండకు భీమశిల అని పేరు పెట్టి ఇప్పుడు దండాలు పెడుతున్నారు. శివుడు తన గుడిని కాపాడుకున్నాడు అని ఆ రోజుల్లో టీవీల్లో ఎంత చెప్పారో గుర్తుందా. సరే, కాపాడుకున్నాడనే అనుకుందాం. గుడిని కాపాడుకోగలిగినవాడికి గుడి చుట్టూ ఉన్న మనుషులను కాపాడటం చేతకాలేదా, ఇష్టం లేదా?

కర్మే అంతా నిర్ణయిస్తుందంటే దేవుడు చేసే పని ఏముంది, ఆయన గుమాస్తాయేగా. లేదు, ఆయన కర్మను కూడా దాటగలడు అంటే మరి ఎందుకు దాటడు? దాటినట్టు పురాణాలే చెబుతున్నాయి కదా. పదహారేళ్ళకే ఆయుష్షు తీరిన మార్కండేయుడి కోసం యముణ్ణే తన్నాడు. ఆ ఒక్క పిల్లాడికి సడలించిన నియమం ఇంకెవరికీ సడలించకపోవడానికి కారణం ఏమిటి?

ఇంకో మాట కూడా అడగాలి. మా అమ్మ ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయింది. ఇవన్నీ ఆమెకు నాకన్నా బాగా తెలుసు, వాదనలో నన్ను ఓడించగలదు కూడా, అయినా పొద్దున్నే దీపం పెట్టనిదే కాఫీ తాగదు. ఆమెకు తెలివి లేదని నేను అనలేను. మరి ఈ నమ్మకం దేని మీద నిలబడి ఉంది?

కోనసీమ కుర్రోడు

నమ్మితే నమ్ము లేకపోతే మానెయ్ బ్రో, ఎవడు అడిగాడు నిన్ను. ఎప్పుడూ మన దేవుళ్ళ మీదే పడతారు, మిగతా మతాలవాళ్ళను అడిగే దమ్ము ఉండదు.

సందేహాల శివ

దమ్ముదేముంది, అడుగుతున్నా. ఇక్కడ క్రైస్తవులు, ముస్లింలు ఎవరైనా ఉంటే మీరూ చెప్పండి. నేను పుట్టి పెరిగిన ఇంట్లో విన్న మాటలతో మొదలుపెట్టాను, అంతే.

పాత తాళపత్రం

శివగారూ, మీ ప్రశ్న కొత్తది కాదు, అది మీకు నచ్చకపోవచ్చు గానీ నాకు సంతోషమే. వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయం మొదటి పాదం 34వ సూత్రం దీని గురించే. "వైషమ్యనైర్ఘృణ్యే న, సాపేక్షత్వాత్ తథా హి దర్శయతి". ఈశ్వరుడు కొందరిని సుఖంలో, కొందరిని దుఃఖంలో పుట్టిస్తున్నాడంటే ఆయనకు పక్షపాతమైనా ఉండాలి, దయ లేకుండానైనా ఉండాలి కదా అని పూర్వపక్షి, అంటే ఎదుటి వాదం చేసేవాడు, వేసిన ప్రశ్నకు అది సమాధానం. ఆ రెండు దోషాలూ ఆయనకు లేవు, ఎందుకంటే ఆయన జీవుల కర్మను బట్టి సృష్టిస్తాడు అని. శంకరులు దాన్ని వానతో పోల్చారు. వాన అన్ని చేలకూ ఒకేలా పడుతుంది, ఒకచోట వరి, ఒకచోట యవలు పండాయంటే తేడా విత్తనంలో ఉంది, వానలో కాదు. ఈశ్వరుడు అందరికీ సమానమైన కారణం, కర్మ ఎవరిది వారికి విడిగా ఉండే కారణం.

మీరు వెంటనే అడుగుతారని తెలుసు, మరి మొట్టమొదట ఆ విత్తనాల్లో తేడా ఎక్కడి నుంచి వచ్చింది అని. ఆ తర్వాతి సూత్రం అదే అడుగుతుంది, సృష్టికి ముందు కర్మల మధ్య భేదమే లేదు కదా అని. దానికి జవాబు "అనాదిత్వాత్". సంసారానికి మొదలు లేదు, కాబట్టి మొదటి కర్మ అనేదీ లేదు.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటి ఉంది. ఈ జవాబు ఇచ్చేటప్పుడు వేదాంతి చాలా పెద్ద మూల్యం చెల్లిస్తున్నాడు, తెలిసే చెల్లిస్తున్నాడు. పడమటి తత్వవేత్తలు చెప్పే సర్వశక్తి, అంటే శూన్యంలోంచి తన ఇష్టప్రకారం ఏదైనా పుట్టించగల శక్తి, అది ఇక్కడి ఈశ్వరుడికి ఉందని ఆయన అనడం లేదు. సాపేక్షుడు అంటున్నాడు, అంటే ఇంకొకదాన్ని చూసుకుని చేసేవాడు. 1955లో మ్యాకీ అనే తత్వవేత్త "దేవుడు సర్వశక్తిమంతుడు, పూర్తిగా మంచివాడు, అయినా చెడు ఉంది, ఈ మూడూ ఒకచోట నిలవవు" అని వాదించాడు, మీరు చదివే ఉంటారు. మన వేదాంతి ఆ మూడింటిలో మొదటిదాన్ని కాస్త వంచి ఎప్పుడో బయటపడ్డాడు. గుమాస్తా అని మీరు వెటకారంగా అన్నారు గానీ కర్మఫలదాత అనే మాటకు దాదాపు అదే అర్థం, కర్మ జడం కాబట్టి దానంతట అది ఫలం ఇవ్వలేదు, ఇచ్చే చేతనుడు ఒకడు కావాలి అని.

అది కూడా అక్కర్లేదన్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళు నాస్తికులు కారు, వేదాన్ని ప్రాణంగా పట్టుకున్న మీమాంసకులు. యజ్ఞం చేస్తే అపూర్వం అనే ఒక శక్తి పుడుతుంది, ఫలం దాన్నుంచే వస్తుంది, మధ్యలో సృష్టికర్త ఎందుకు అని. కుమారిల భట్టు శ్లోకవార్తికంలో సృష్టికర్త వాదాన్ని చీల్చి చెండాడాడు: శరీరం లేనివాడు ఎలా సృష్టించాడు, ఏ అవసరం కోసం సృష్టించాడు, దయతో సృష్టించాడంటే దయ చూపడానికి అప్పటికి జీవులు ఎవరున్నారు, దయే అయితే అంతా సుఖమే సృష్టించి ఉండాలి కదా అని. ఏడో శతాబ్దం మనిషి, మీకన్నా కటువుగా అడిగాడు. సాంఖ్యులు అనే ఇంకో దర్శనంవాళ్ళ సూత్రం ఒకటి ఏకంగా "ఈశ్వరాసిద్ధేః" అంటుంది, ఈశ్వరుడు రుజువు కాలేదు కాబట్టి అని. కాబట్టి ఆస్తికుడు అనగానే మీరు ఊహించుకున్న సర్వశక్తిమంతుడి భక్తుడే అని అనుకోకండి.

మార్కండేయుడి సంగతి పురాణం. పురాణంలో కథ భక్తిని పొగడటానికి వస్తుంది, సిద్ధాంతం తేల్చడానికి కాదు. దాని మీద తర్కం కట్టడం నాకు సరిగా అనిపించదు.

సందేహాల శివ

ఇంత ఓపిగ్గా రాసినందుకు థాంక్స్ మాస్టారూ. కుమారిలుడి ప్రశ్నలు నిజంగా అదిరిపోయాయి. కానీ అనాది అనే మాట దగ్గర నాకు తేడా కొడుతోంది. ఈ జన్మలో ఇలా ఎందుకు అంటే పోయిన జన్మ, పోయిన జన్మలో అలా ఎందుకు అంటే దాని ముందుది, ఇలా ఎంత వెనక్కి పోయినా ప్రశ్న అలాగే ఉంటుంది, జవాబు మాత్రం ఎప్పుడూ పక్క ఊళ్ళోనే ఉంటుంది. ఎవరూ చెక్ చేయలేని ఖాతా అది. దాన్ని చూపించి "నీ బాకీ ఇంత" అంటే ఒప్పుకోవాలా?

ఇంకా, పురాణం మీద తర్కం కట్టొద్దు అంటున్నారు. మంచిదే. కానీ మా వీధి గుళ్ళో సాయంత్రం పూట చెప్పేది పురాణమే, బ్రహ్మసూత్రాలు కాదు. జనం నమ్మేది యముణ్ణి తన్నిన శివుణ్ణి, మకరాన్ని చంపి ఏనుగును రక్షించడానికి సిరికి కూడా చెప్పకుండా పరిగెత్తిన విష్ణువును. వానలాగా అందరికీ సమానంగా ఉండే ఈశ్వరుడి కోసం ఎవరూ తిరుపతిలో క్యూలో నిలబడరు.

యోబు చదివినవాడు

నేను గుంటూరు, క్రైస్తవుణ్ణి. శివ బ్రదర్ పిలిచారు కాబట్టి చెబుతున్నా. మా చర్చిలో కూడా యాక్సిడెంట్ అయితే "దేవుడికి ఒక ప్లాన్ ఉంది" అంటారు, బిడ్డ పోయిన తల్లితో కూడా అనేస్తారు. నాకు అది వినగానే ఒళ్ళు మండుతుంది. బైబిల్లో యోబు గ్రంథం పూర్తిగా చదివినవాళ్ళు అలా అనలేరు. యోబు ఏ తప్పూ చేయలేదు, పిల్లలు పోయారు, ఆస్తి పోయింది, ఒంటినిండా పుండ్లు. ముగ్గురు స్నేహితులు వచ్చి కూర్చుని "నువ్వేదో పాపం చేసి ఉంటావు, దేవుడు అన్యాయం చేయడు కదా" అని అధ్యాయాల కొద్దీ వాదిస్తారు. ఇది మీరు రాసిన "వాళ్ళ కర్మ" మాటే. చివర్లో దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడతాడు, కానీ కారణం చెప్పడు. నేను భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావు అని ఎదురు అడుగుతాడు. కారణం చెప్పకపోవడం నాకూ మింగుడుపడదు, అది వేరే విషయం. అయితే చివరి అధ్యాయంలో దేవుడు కోప్పడింది తనను నిలదీసిన యోబు మీద కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద. మీరు నా గురించి సరిగా మాట్లాడలేదు, యోబు మాట్లాడాడు అంటాడు.

సర్వశక్తి ఉండి ఎందుకు ఆపలేదు అంటే నా దగ్గర జవాబు లేదు. మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు కాబట్టి చెడు వచ్చింది అని మా వాళ్ళు చెబుతారు, తొక్కిసలాటకు అది కొంత సరిపోతుంది కానీ ఉప్పెనకు సరిపోదు. 1755లో లిస్బన్‌లో భూకంపం వచ్చింది, సకల పరిశుద్ధుల పండగ రోజు పొద్దున, జనం చర్చిల్లో ఉన్నప్పుడు. ఆ చర్చిలే వాళ్ళ మీద కూలాయి. ఐరోపాలో చాలామంది ఆలోచన ఆ దెబ్బతోనే మారింది అంటారు. మాకు కేదార్‌నాథ్ అదే.

కోనసీమ కుర్రోడు

సరే బాగానే చెప్పారు అందరూ. నేను కాస్త కోపంలో అన్నాను ఇందాక. కానీ ఒకటి, నాస్తికులు చేసిందేముంది అసలు? ప్రశ్నలు వేయడమేగా.

పటమట పెద్దాయన

కుర్రోడా, విజయవాడ వచ్చినప్పుడు పటమటలో నాస్తిక కేంద్రానికి ఒకసారి వెళ్ళు. గోరాగారు, సరస్వతి గోరాగారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో ఇక్కడికి మార్చారు. నాస్తికుడని కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్న మనిషి ఆయన. సరస్వతిగారు గర్భంతో ఉండి సూర్యగ్రహణం చూశారు, ఆ రోజుల్లో అది ఎంత తెగింపో మీ అమ్మమ్మను అడుగు. గోరాగారు సేవాగ్రామం వెళ్ళి గాంధీగారితో నాస్తికత్వం గురించే మాట్లాడారు, గాంధీగారు వినలేదా అంటే విన్నారు, గోరాగారి కూతురి పెళ్ళికి ప్రమాణంలో దేవుడి పేరు తీసేసి సత్యం పేరు పెట్టడానికి కూడా ఒప్పుకున్నారు. పెళ్ళి జరిగే నాటికి గాంధీగారు లేరు, 1948 మార్చిలో సేవాగ్రామంలోనే జరిగింది. గోరాగారి కోడలు హేమలతా లవణంగారు నిజామాబాద్ వైపు జోగిని ఆచారం మాన్పించడానికి ఏళ్ళ తరబడి అక్కడే ఉండి పనిచేశారు. ఆడపిల్లను దేవతకు ఇచ్చేశామని చెప్పి ఊరందరికీ వదిలేసే ఆచారం అది. దేవుడు ఉన్నాడా లేడా అని అక్కడ ఎవరూ చర్చ పెట్టలేదు, ఆ పిల్లలకు చదువు, పెళ్ళి, బతుకుతెరువు చూశారు.

శివా, నీతో కూడా ఒక మాట. నీ ప్రశ్న నాకు కొంచెం చిన్నదిగా కనిపిస్తోంది. సర్వశక్తి తర్కానికి నిలవదని తేలినా మీ అమ్మగారు దీపం మానరు, ఎందుకంటే ఆమె తర్కంతో పెట్టడం లేదు. గోరాగారు పట్టుకున్నది ఇంకో చోట. అంతా పైవాడి చేతిలో ఉంది అనుకున్న మనిషి తన చేతిలో ఉన్నదాన్ని కూడా వదిలేస్తాడు, అదీ ఆయన బాధ. నువ్వు చెప్పిన తొక్కిసలాటనే తీసుకో. రేవులు ఎన్ని, దారులు ఎన్ని, గంటకు ఎంతమందిని వదలాలి, ఇవి లెక్క వేయాల్సిన మనుషులు ఉన్నారు, వాళ్ళకు జీతాలు ఉన్నాయి. దైవ నిర్ణయం అన్న ఒక్క మాటతో ఆ లెక్క అడిగేవాడు ఉండడు. సర్వశక్తిమంతుడు ఉన్నాడో లేడో గానీ ఆయన పేరు మాత్రం చాలామందికి ఉద్యోగాలు కాపాడింది.

మల్లేపల్లి నుంచి

శివ భాయ్, మా వైపు కథ ఒకటి చెబుతా, మదరసాలో కాదు, మా నాన్న చెప్పారు. బస్రాలో సుమారు 1100 ఏళ్ళ కిందట అల్ జుబ్బాయీ అని ఒక పండితుడు ఉండేవాడు, ముఅతజిలా వర్గం. అల్లాహ్ న్యాయవంతుడు, మనిషికి ఏది మేలో అదే చేసి తీరాలి, అన్యాయం ఆయనకు సాధ్యం కాదు అని వాళ్ళ వాదం. ఆయన శిష్యుడు అల్ అష్అరీ ఒకరోజు గురువును అడిగాడట. ముగ్గురు అన్నదమ్ములు, ఒకడు భక్తుడిగా చనిపోయాడు, ఒకడు అవిశ్వాసిగా చనిపోయాడు, మూడోవాడు పసితనంలోనే పోయాడు, వాళ్ళ గతి ఏమిటి అని. భక్తుడికి స్వర్గంలో పై స్థానం, అవిశ్వాసికి నరకం, పసివాడికి నరకం తప్పుతుంది కానీ పై స్థానం ఉండదు, అన్నాడు గురువు. పసివాడు "నన్ను ఇంకొన్నాళ్ళు బతకనిస్తే నేనూ మంచి పనులు చేసేవాణ్ణి కదా" అంటే? "నువ్వు పెద్దయితే పాపివి అవుతావని నాకు తెలుసు, నీ మేలు కోరే ముందే తీసుకెళ్ళాను" అంటాడు అల్లాహ్ అని గురువు జవాబు. అప్పుడు శిష్యుడు అన్నాడట, "మరి ఆ మాట విని నరకంలోంచి రెండోవాడు అరుస్తాడు, యా రబ్, నా సంగతి కూడా నీకు ముందే తెలుసు కదా, నన్నెందుకు చిన్నప్పుడే తీసుకెళ్ళలేదు అని, దానికి ఏం చెబుతారు?" గురువు దగ్గర మాట లేదు. శిష్యుడు ఆ వర్గం వదిలేశాడు.

ఇది నిజంగా ఇలాగే జరిగిందో, తర్వాతవాళ్ళు అల్లిందో అది పక్కన పెట్టండి. చూడాల్సింది ఏమిటంటే ఈ ప్రశ్న అడిగినవాడు నాస్తికుడు కాలేదు. అల్లాహ్ మన లెక్కల ప్రకారం నడవాలని లేదు, ఆయన చేసిందే న్యాయం అన్నాడు. సున్నీల్లో చాలా పెద్ద భాగం ఇప్పటికీ ఆ దారే. మీకు ఇది తప్పించుకోవడంలా కనిపిస్తుంది, నాకు కూడా కొన్నిసార్లు అలాగే అనిపిస్తుంది, ముఖ్యంగా ఎవరింట్లోనైనా పసిపిల్ల పోయినప్పుడు. కానీ కనీసం అందులో మోసం లేదు. కారణం మాకు తెలుసు అని ఎవరూ నటించడం లేదు.

వడ్డీకాసుల అభిమాని

నేను గుడికి వెళ్ళే మనిషినే, మొక్కులు మొక్కే మనిషినే, పిల్లాడికి తలనీలాలు తిరుమలలోనే ఇచ్చాం. మీ అందరి పోస్టులూ చదివాక నాకు అనిపించింది ఏమిటంటే, మీరంతా చాలా పెద్ద దేవుడి గురించి మాట్లాడుతున్నారు, మేం మొక్కేది అంత పెద్దాయనకు కాదు.

చూడండి, వేంకటేశ్వరస్వామిని అఖిలాండకోటి బ్రహ్మాండ నాయకుడు అంటాం. అదే నోటితో పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు, ఇంకా వడ్డీ కడుతూనే ఉన్నాడు, మనం హుండీలో వేసేది అందుకే అంటాం. బ్రహ్మాండాలన్నీ తనవే అయినవాడికి అప్పేమిటి అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు, అడిగితే నవ్వుతారు. అప్పు ఉంది కాబట్టే ఆయన మనవాడు. అప్పుల బాధ తెలిసినవాడికి మన బాధ చెప్పుకోవచ్చు. శివగారు దీన్ని విరుద్ధం అంటారు, నిజమే, విరుద్ధమే. మాకు అందులో ఇబ్బందేమీ లేదు.

ఊరి అమ్మవార్లను చూడండి. పోలేరమ్మకు పొలిమేర ఉంది. పక్క ఊరి సంగతి పక్క ఊరి అమ్మది. ఆమె లోకాలన్నీ సృష్టించిందని ఎవరూ అనరు, ఈ ఊరిని చూసుకుంటుంది, చూసుకోకపోతే కోపం వచ్చిందని జాతర చేస్తారు. ఒప్పందం అది. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి కథ కూడా ఇలాంటిదే. 1813లో కలరా వచ్చినప్పుడు పట్టాళంలో పనిచేస్తున్న సురిటి అప్పయ్య ఉజ్జయినిలో మొక్కుకున్నాడని, తగ్గితే మా ఊళ్ళో గుడి కడతానన్నాడని, తిరిగొచ్చి కట్టాడని చెబుతారు. నువ్వు అది చేస్తే నేను ఇది చేస్తాను. ఇందులో సర్వశక్తి ఎక్కడుంది?

ఇంకో సంగతి, ఇది మీ నాస్తికులకు ఎక్కువ ఉపయోగపడుతుంది అనుకుంటా. మశూచి వస్తే అమ్మవారు పోసింది అనేవాళ్ళు, వేపాకులు కట్టేవాళ్ళు. టీకాలు వేశారు, మన దేశంలో 1975 తర్వాత మశూచి లేదు, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. ఆమె ముఖ్యమైన పనే పోయింది కదా, మరి అమ్మవారు పోయిందా? జాతరలు తగ్గాయా? ఇంకా పెద్దగా చేస్తున్నారు. రోగం తగ్గించే శక్తి కోసమే నమ్ముతున్నారు అనుకుంటే ఇది అర్థం కాదు. ఏడాదికోసారి పుట్టింటికి వచ్చే ఆడపిల్లలు, వేరే ఊళ్ళలో స్థిరపడ్డ అన్నదమ్ములు, అందరూ ఒకచోట చేరేది ఆమె పేరు మీద. మీ అమ్మగారి దీపం కూడా ఇలాంటిదేనేమో, మీరే అడిగి చూడండి, నేనెలా చెబుతాను.

కష్టం వచ్చినప్పుడు తిట్టడం కూడా మాకు తెలుసు. గోల్కొండ చెరసాలలో రామదాసు ఏం చేశాడు? నగలు చేయించిన లెక్క చెప్పి మరీ నిలదీశాడు, నీకు ఎవరిచ్చారనుకున్నావు ఇవన్నీ అని. ఆ తిట్లను ఇప్పటికీ భజనల్లో పాడుతున్నాం. పోతన గజేంద్రుడు కూడా అంతే, ఉన్నాడు ఉన్నాడు అంటారే, అసలు ఉన్నాడో లేడో అని అనుమానపడతాడు, అదీ పిలుస్తూ పిలుస్తూనే. అనుమానం పుడితే భక్తి పోతుందని మాకెవరూ నేర్పలేదు.

సందేహాల శివ

అమ్మా, మీది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. అప్పుల్లో ఉన్న దేవుడితో నాకు తగువు లేదు, ఆయన మీద కేసు పెట్టడం కూడా అన్యాయం. కానీ ఒక్క చోట మీతో ఒప్పుకోలేను. మంచి జరిగినప్పుడు మీ వాళ్ళే "ఆయన తలచుకుంటే కానిదేముంది" అంటారు. చెడు జరిగినప్పుడు మాత్రం పాపం ఆయనేం చేస్తాడు, వాళ్ళ కర్మ అంటారు. పొగడ్తకు బ్రహ్మాండ నాయకుడు, జవాబుదారీకి పొలిమేర దేవత. ఈ రెండు వేషాలూ ఎవరికి ఎప్పుడు కావాలంటే అప్పుడు మారుస్తున్నారు, మార్చేది దేవుడు కాదు, పక్కన నిలబడి మాట్లాడేవాళ్ళు. పటమట పెద్దాయన చెప్పింది నాకు ఇక్కడే సరిగ్గా తగిలింది.

వడ్డీకాసుల అభిమాని

అది నిజమే, అలా మాట్లాడేవాళ్ళు ఉన్నారు, మా బంధువుల్లోనే ఉన్నారు. చావు ఇంటికి వెళ్ళి కర్మ సిద్ధాంతం చెప్పేవాళ్ళను చూస్తే నాకూ చిరాకే. కానీ అది చెప్పేవాళ్ళ నోటి దురద, దానికి స్వామిని అంటే ఎలా.

పాత తాళపత్రం

ఇక్కడ నేను శివగారి పక్షమే. కర్మను బట్టి అని సూత్రం చెప్పింది మొత్తం మీద లోకంలో హెచ్చుతగ్గులు ఎందుకు ఉన్నాయి అన్నదానికి. ఫలానా మనిషి ఫలానా రోజు పోవడానికి ఫలానా పాపం కారణం అని చెప్పే అధికారం ఆ సూత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఏ జన్మలో ఎవరు ఏం చేశారో తెలిసినవాడు ఈశ్వరుడొక్కడే అని శాస్త్రమే అంటున్నప్పుడు, రేవులో పోయినవాళ్ళను చూపించి వాళ్ళ కర్మ అన్నవాడు తనకు ఈశ్వరుడి జ్ఞానం ఉందని చెప్పుకుంటున్నట్టే. గుంటూరు మిత్రుడు చెప్పిన ఆ ముగ్గురు స్నేహితులు మన దగ్గర కూడా ఉన్నారు, ఎక్కువే ఉన్నారు.

ఎవరూ చెక్ చేయలేని ఖాతా అన్నారు. దానికి నేను ఎదురు చెప్పను. అనాదిత్వం అనేది రుజువు కాదు, ప్రశ్న వెనక్కి పోతూనే ఉంటుందని ఒప్పుకోవడం. నాకు అది చాలు, మీకు చాలదు. కర్మ గురించిన ఆ 34వ సూత్రానికి ముందు ఇంకొకటి ఉంది, "లోకవత్తు లీలాకైవల్యం", ఏ అవసరమూ లేనివాడు ఎందుకు సృష్టించాడంటే ఆటగా అని. నిజం చెప్పాలంటే కర్మ సూత్రం కన్నా నాకు అది ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఇన్నేళ్ళుగా పాఠం చెబుతూ కూడా. పుష్కర ఘాట్ ఫొటోలు చూసిన రోజున లీల అనే మాట నా నోట రాలేదు.

సందేహాల శివ

ఇంత సూటిగా ఒప్పుకునే ఆస్తికుణ్ణి నేను చూడలేదు మాస్టారూ. మార్కండేయుడి ప్రశ్న మాత్రం వదలను, పురాణం అని పక్కన పెట్టారు గానీ శివరాత్రికి చెప్పేది అదే కదా. భక్తి వల్ల ఆయుష్షు పెరిగిందంటే ఆ రోజు రేవులో ఉన్నవాళ్ళలో ఒక్కరికి కూడా అంత భక్తి లేదనాలి, అలా అనడానికి నాకు నోరు రాదు, మీకూ రాదని తెలిసింది.

శ్లోకవార్తికంలో ఆ సృష్టికర్త భాగం తెలుగులో వివరణతో ఎక్కడైనా దొరుకుతుందా? సంస్కృతం నాకు టెన్త్ వరకే. అరబ్బీ కథ అష్అరీ గురించి కూడా ఇంకా చదవాలనుంది, మల్లేపల్లి భాయ్ తెలుగులో గానీ ఉర్దూలో గానీ ఏదైనా ఉంటే చెప్పండి, ఉర్దూ అయితే మా ఆఫీసులో చదివిపెట్టేవాళ్ళు ఉన్నారు.